రేగొండ పిల్లలకు చెప్పిన గ్రీకు వైద్యుడి మాట

2022 వానాకాలం. అప్పుడు నేను భూపాలపల్లి జిల్లాలో బడి పిల్లల ఆరోగ్య బృందంలో నర్సును. మా పని స్క్రీనింగ్. అంటే ఊరూరా బడులకు తిరిగి పిల్లల కళ్లు, పళ్లు, బరువు, రక్తం చూసి, తేడా కనబడితే పై దవాఖానకు పంపడం. మాది రఘునాథపల్లి. అంతకుముందు పెద్దవంగర వైపు చాలా ఏళ్లు చేశాను. నాకు నోరు పెద్దదని పేరు. ఉన్నదే అనుకోండి, నోరు లేని నర్సు మాట ఎవరు వింటారు?

రేగొండ మండలంలోని ఒక బడిలో ఏడో తరగతి పిల్లల పేర్లు పిలుస్తుంటే రమ్య అనే అమ్మాయి పలకలేదు. ఆమె పక్కన కూర్చునే అనూష లేచి, "ఆమె మీదికి అమ్మవారొస్తది మేడం. ఇగ బడికి రాదంట," అంది.

"అమ్మవారొస్తే ఎట్లుంటదే? నువ్వు చూసినవా?"

"చూసిన మేడం. ముందుగాల ఊదు వాసనొస్తుందంటది. గని ఏడా ఊదు ఉండది. ఇగ గంతే, దబ్బున పడిపోతది. కాళ్లు చేతులు కొట్టుకుంటది, నోట్లకెల్లి నురగొస్తది."

అది రోగమని నాకు వెంటనే తెలిసింది. దవాఖానలో ఫిట్స్ అంటాం, ఊళ్లో మూర్ఛ అంటారు. మెదడులో ఒక్కసారిగా కరెంటు ఎక్కువైనట్టు అవుతుంది. కొందరికి పడిపోయే ముందు లేని వాసన తగులుతుంది, అదీ మెదడు చేసే పనే. కానీ ఊదు వేయకుండానే ఊదు వాసన వచ్చిందంటే ఊరు దాన్ని వేరేగా అర్థం చేసుకుంటుంది.

సాయంత్రం రమ్య ఇంటికి వెళ్లాను. తల్లి పత్తి చేను నుంచి ఇంకా రాలేదు. తండ్రి కొమురయ్య మంచం వాల్చి కూర్చోబెట్టాడు, నీళ్లిచ్చాడు. రమ్యకు డాక్టరు ముందే గోలీలు రాశాడట, వేసుకుంటూనే ఉందట. ఈ మధ్య పోచమ్మ బోనాల నాడు గుడి ముందే పడిపోయింది. డప్పుల చప్పుడులో అందరూ ఆమె కాళ్లకు మొక్కారు. ఆ రోజు నుంచే గోలీలు ఆపేశారు.

"అమ్మొచ్చే పిల్లకు గోలీలు మింగిస్తే అమ్మకు కోపమొస్తది మేడం. వాళ్ల అమ్మమ్మ ఊళ్లె అమ్మ పూనే శివసత్తులున్నరు. అక్కడ్నే ఉంచుదామనుకుంటున్నం."

"బడి?"

"ఇగ బడెందుకు మేడం?"

నాకు కోపం నెత్తికెక్కింది. "అన్నా, గోలీలు గిట్ల ఒక్కసారే బంద్ చేస్తే ఫిట్స్ మీద ఫిట్స్ వస్తయ్. ఆగవు. పిల్ల పానం మీదికొస్తది!" అని అరిచాను. అతను అరవలేదు. రెండు చేతులూ జోడించి, "మీరు సదువుకున్నోళ్లు. గిదొక్కటి మాకు ఇడిసిపెట్టున్రి," అన్నాడు. అరిచేవాడి మీద అరవగలను. దండం పెట్టేవాడిని ఏం చేస్తాం? రమ్య తలుపు చాటున నిలబడి అంతా వింటోంది.

మర్నాడు మిగిలిన పిల్లల్ని చూడడానికి మళ్లీ అదే బడికి వెళ్తే, సోషల్ టీచరు ఏడో తరగతికి గ్రీకుల పాఠం చెబుతోంది. బోర్డు మీద ఓటు, ఒలింపిక్స్, నాటకం అని రాసి ఉంది. "గ్రీకుల నుంచి మనకొచ్చినవి ఇవి. వైద్యం ముచ్చట మీరే చెప్పున్రి మేడం," అని చాక్‌పీసు నా చేతికిచ్చింది.

అంబులెన్సు మీద కర్రకు చుట్టుకున్న పామును ఎవరు చూశారని అడిగితే తరగతంతా చేతులెత్తింది. అది గ్రీకుల వైద్య దేవుడి చేతికర్ర అని చెప్పాను. రోగికి కీడు తలపెట్టబోమని డాక్టర్లు చేసే ప్రమాణమూ అక్కడ పుట్టిందే అన్నాను. తర్వాత అసలు సంగతికి వచ్చాను. రెండు వేల ఏళ్లకు పూర్వం అక్కడ కూడా మూర్ఛను దేవుడి రోగమనే అనేవారు. మంత్రాలు వేసేవారు. అప్పుడు ఒక గ్రీకు వైద్యుడు, ఇదీ మిగతా రోగాల లాంటిదే, మెదడులో పుడుతుందని తేల్చి చెప్పాడు.

అనూష లేచింది. "మరి ఆయన దేవుడు లేడన్నడా మేడం?"

"అనలేదే బిడ్డా. ఆయన కూడ దేవుణ్ణి నమ్మినోడే. దేవుడు మనిషిని శుద్ధి చేస్తడు గని, మైల చేస్తడా అన్నడు."

ఎవరైనా పడిపోతే ఏం చేయాలో కూడా చూపించాను. పక్కకు ఒరిగించి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. చేతిలో తాళంచెవులు పెడితే ఫిట్స్ ఆగవని గట్టిగా చెప్పాను.

నాకు తెలియని సంగతి ఒకటుంది. అనూష నానమ్మ ఎల్లవ్వ ఆ ఊరి శివసత్తి. బోనాల నాడు అమ్మవారు పూని పలికేది ఆమె నోటనే. ఆమె మాట ఊరు జవదాటదు. రెండు రోజులాగి మళ్లీ కొమురయ్య ఇంటికి వెళ్లేసరికి ఎల్లవ్వ గడపలో కూర్చుని ఉంది, నుదుట ఇంత పసుపు బండారి పెట్టుకుని.

"కొమురయ్యా, నా మన్మరాలు గ్రీకోళ్ల ముచ్చట చెప్పింది. గా దేశం ఏడుందో నాకెరుక లేదు. గని అమ్మొచ్చుడు నాకెరుకే. అమ్మొస్తే నేను ఆడుత, పలుకుత. నాలిక కొరుక్కోను, బట్టలు తడుపుకోను. నీ బిడ్డ నాలిక చూసినవా?"

"మరి ఊదు వాసనో అవ్వా?" అన్నాడు కొమురయ్య.

"నాకూ గదే అనుమానమొచ్చింది. అందుకే గిప్పుడు లోపల నీ బిడ్డ కాళ్లు మొక్కిన. ఏం గావాలె తల్లీ, అడుగు అన్న. ఏమన్నదో ఎరుకేనా? 'అవ్వా, నన్ను బడికి తోలుమను' అన్నది. గట్ల అమ్మ అడుగుతదారా? అడిగింది నీ బిడ్డ."

కొమురయ్య కూలబడి, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

మర్నాడే వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. ఈఈజీ తీశారు, అంటే మెదడులోని కరెంటును గీతల్లో చూపించే పరీక్ష. మూర్ఛేనని తేలింది. గోలీలు మళ్లీ మొదలయ్యాయి. మొదటి గోలీ నాడు ఎల్లవ్వే వచ్చి రమ్య నుదుట బండారి పెట్టి, "మింగు బిడ్డా, అమ్మ ఏమనదు," అందట.

దసరా సెలవుల తర్వాత ఆ బడికి వెళ్తే రమ్య బరువు చూపించుకోవడానికి వరుసలో నిలబడింది. తరగతిలో ఒకసారి ఫిట్స్ వస్తే పిల్లలే పక్కకు ఒరిగించారని టీచరు చెప్పింది. రమ్య నన్ను పక్కకు పిలిచింది.

"మేడం, గా గ్రీకు డాక్టర్ తాన గోలీలుండెనా?"

"లేవు బిడ్డా. ఆయన కాలంల ఈ రోగానికి మందే లేదు."

"మరి రోగమని చెప్తే ఏం లాభం?"

"రోగమని ఒకలంటేనే గద, ఎనకొచ్చినోళ్లు మందు దేవులాడేది."

"మరి మూర్ఛొచ్చే పిల్లలను ఆయన బడికి తోలుమన్నడా?"

"అన్నడో లేదో నాకెరుక లేదు. ఆయన ఊళ్లల్ల ఆడపిల్లలను అసలే బడికి తోలకపోయేది."

"అయితే ఆయన సగమే చెప్పిండు మేడం," అని తరగతిలోకి వెళ్లిపోయింది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పని రోగం పట్టుకుని పై దవాఖానకు పంపడంతో అయిపోతుందని అనుకునేదాన్ని. ఇప్పుడు పేరు పిలిస్తే ఏ పిల్లయినా పలకకపోతే, ఆ పిల్ల మళ్లీ తన బెంచీ మీద కూర్చునేదాకా ఆ ఇంటికి వెళ్తూనే ఉంటాను.