రేపు అనని దర్జీ

దర్జీలందరికీ వచ్చి మా అక్కకు మాత్రం రాని మాట ఒకటుంది: "ఇంకా కాలేదు, రేపు రండి." గుడ్డ ఇచ్చిన మనిషి గుమ్మం దిగకముందే "పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళండి" అనేస్తుంది. అన్నాక కుట్టాలి గదా. అందుకని పన్నెండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేచేది. మేమిద్దరం కొట్టు వెనక గదిలోనే ఉంటాం. కాజాలూ గుండీలూ నా పని. తొమ్మిదయ్యేసరికి సూది చేతిలో ఉండగానే నేను తూగుతుంటే "నిద్రమొహమా, పోయి పడుకో" అనేది. ఆ బిరుదు నాకు న్యాయంగానే వచ్చింది, కాదనను.

నాలుగు గంటల నిద్రతో నెట్టుకొస్తున్నానని ఆవిడకు మహా గర్వం. దాని మీద మొన్న ఎండాకాలం ఒక రక్తపరీక్ష నీళ్ళు చల్లింది. షుగర్ ఇంకా రాలేదుగానీ వచ్చేలా ఉందట. లావు కాదు, తీపి ముట్టదు. చివరికి డాక్టరమ్మ "ఎన్ని గంటలు నిద్రపోతారు?" అంది. "నాలుగు" అని మా అక్క తరగతిలో ఫస్టొచ్చినట్టు చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"నిద్ర చాలకపోతే ఒళ్ళు ఇన్సులిన్ మాట సరిగా వినదమ్మా. ఆరు గంటలు కూడా నిద్రపోనివాళ్ళలో షుగర్ ఎక్కువగా కనిపిస్తోంది. మూడు నెలలు రోజూ ఏడు గంటలు పడుకోండి, అరగంట నడవండి. తగ్గకపోతే మాత్రలు మొదలెడదాం."

మా నాన్నా దర్జీయే. షుగర్ వల్ల చూపు మందగించాక సూదిలో దారం ఎక్కించుకోలేకపోయేవాడు. ఎక్కించి ఇచ్చేది అక్కే. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆవిడ దీపం దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ, తీస్తూ ఉండిపోయింది. నాకు భయమేసింది.

మర్నాటి నుంచి ఏడు గంటల లెక్క మొదలైంది. రాత్రి నాలుగు గంటలు మామూలే. మిగతా మూడూ మిషను మీద తల వాల్చి పది నిమిషాలు, బస్సులో ఇరవై, అన్నం తిన్నాక గోడకానుకుని అరగంట, ఇలా రోజంతా ఏరుకొచ్చేది. అడిగితే "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అంది.

"ఇది నిద్ర కాదక్కా, కత్తిరింపు ముక్కలు."

"ముక్కలతికితే గుడ్డ కాదా? దర్జీ కూతురివేనా నువ్వు?"

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రెండు వారాల తర్వాత డాక్టరమ్మకూ అదే లెక్క ఒప్పజెప్పింది. ఆవిడ నవ్వాపుకుని "అతుకులు బొంతకి పనికొస్తాయమ్మా, నిద్రకి కాదు. రాత్రి ఒక్క తానుగా పోవాలి" అంది.

"పోనీ ఓ పదకొండు గంటలు పోతే?"

"అదీ వద్దు. రోజూ తొమ్మిది దాటేవాళ్ళలోనూ షుగర్ ఎక్కువే కనిపిస్తోంది."

"అయితే చొక్కా లాగే. బిగుతైనా తంటా, వదులైనా తంటా" అంది అక్క. అర్థమైంది గానీ పని మాత్రం తగ్గలేదు.

ఆ వారమే పోస్టుమాస్టరుగారు ప్యాంటు గుడ్డ తెచ్చారు. అక్క యథాప్రకారం "పొద్దున్నే తీసుకెళ్ళండి" అంది. నాకు ఒళ్ళు మండింది. "వచ్చే వారం రండి" అన్నాను. అక్క చూసిన చూపుకి కాలిపోవాల్సిందే. పోస్టుమాస్టరు మాత్రం తాపీగా "తొందరేముందమ్మా, అది నేను రిటైరయ్యే రోజుకి. ఇంకా రెండు నెలలుంది" అన్నారు.

"మరి ఎప్పుడూ పొద్దున్నే కావాలంటారే?" అంది అక్క.

"నేనెప్పుడన్నాను? మీరే అంటారు. మీరు నొచ్చుకుంటారని వచ్చి తీసుకెళ్తుంటాను."

పాపం, ఆవిడ మొహం చూడాలి. ఆ సాయంత్రం ఎనిమిదింటికే మిషను మీద గుడ్డ కప్పింది. పదిన్నరకల్లా పడుకోవడం అలవాటు చేసుకుంది. ఎవరొచ్చినా "వచ్చే వారం" అనడం కూడా నేర్చుకుంది, మొదట్లో కాస్త నత్తిగా.

మూడు నెలలయ్యాక, పరీక్షకి పరగడుపున ఆరింటికల్లా వరసలో ఉండాలి. ఐదున్నరకు అలారం నన్ను లేపింది గానీ అక్కను లేపలేదు. తట్టి లేపుదామని మంచం దగ్గరికెళ్ళి ఆగిపోయాను. నాకు నలభై ఆరేళ్ళు. ఆ కునికిపాట్లు లెక్కెయ్యకపోతే, అక్క నిద్రపోతుండగా చూడటం అదే మొదటిసారి. ఎప్పుడూ నా తర్వాత పడుకుని నా కంటే ముందు లేచిన మనిషి. నోరు కొద్దిగా తెరిచి, సన్నగా గురక పెడుతోంది. కనుబొమల మధ్య ముడి లేదు. అది పుట్టుకతో వచ్చిందనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. నాకు ఏడుపొచ్చింది. స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాను.

ఆరుంబావుకు తనే లేచి, గడియారం చూసి, ఆసుపత్రి వరస చివర నిలబడేదాకా నన్ను తిడుతూనే ఉంది.

సాయంత్రం కాగితం వచ్చింది. అంకె తగ్గింది. "ఇప్పటికి మాత్రలు వద్దు. నిద్ర వల్లో నడక వల్లో విడదీసి చెప్పలేను, రెండూ మానకండి" అంది డాక్టరమ్మ. "రాత్రిళ్ళు బాగా నిద్ర పడుతోందా?"

"నాకేం తెలుసండీ, నేను నిద్రపోతుంటా గదా. మా చెల్లెల్ని అడగండి" అంది అక్క.

"పడుతోందండీ" అన్నాను. "పొద్దున పక్కన కూర్చుని చూశాను."

అక్క నావైపు తిరిగింది. మళ్ళీ తిట్టబోయి, ఏమనుకుందో, నా చెయ్యి పట్టుకుంది.