సాయిలు తువ్వాల కొసన ముడులు

మా చిన్నప్పుడు మా ఇంటి ముచ్చట్లు సాయిలు తువ్వాల కొసన ముడులు పడి ఏటూరునాగారం పోయేవి...

వరంగల్ బజారులో మాకు ఉప్పు, బెల్లం దుకాణం ఉండేది. సాయిలు మా ఎడ్లబండి తోలేవాడు. ఇక్కడి సరుకు అడవి వైపు తీసుకుపోయి, అటు నుంచి చింతపండు, తేనె తెచ్చేవాడు. మా మేనత్త కౌసల్యత్తను ఏటూరునాగారంలోనే ఇచ్చారు. హసన్‌పర్తి చుట్టాల సంగతులు, రఘునాథపల్లి చుట్టాల సంగతులు బజారుకు వచ్చిపోయే వాళ్ల నోట తెలుస్తూనే ఉండేవి. కౌసల్యత్తకు మాత్రం సాయిలు బండి ఒక్కటే దిక్కు.

బండి కదిలే ముందు మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, వాకిట్లోకి వచ్చి సాయిలు భుజం మీది తువ్వాల లాక్కునేది. ఒక్కో ముచ్చటకు ఒక్కో ముడి...

"ఇగో, ఇది మామిడి తొక్కు పెట్టినమని. ఈసారి ఉప్పు జర ఎక్కువైందని చెప్పు. ఇది ఎనుక గోడ కూలిందని. ఇది పిల్లకు పన్ను ఊడిందని."

ఆ పన్ను నాదే...

"అన్ని ముడులేస్తె నేను మొఖం దేంతోని తుడుసుకోవాలె అవ్వా?" అనేవాడు సాయిలు.

"ఎన్నడన్న కడిగినవా, తుడుసుకునేతందుకు?"

అక్కడ కౌసల్యత్త ఒక్కో ముడి విప్పుతుంటే సాయిలు ఒక్కో ముచ్చట చెప్పేవాడట. అత్త మళ్లీ తన ముడులు వేసి పంపేది. తన పిల్లగాడు చింతపండు నాకి మొఖం వంకర పెట్టిండని ఒకసారి, మామ కొత్త చెప్పు కుక్క ఎత్తుకపోయిందని ఒకసారి... బాపమ్మ ఆ ముడులు విప్పుతూ ఎంత నవ్వేదో.

ఒకసారి సాయిలు వచ్చి గడప బయటే నిలబడ్డాడు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. తువ్వాలకు ఒక్క ముడి కూడా లేదు. అత్త కొడుకు, ఒక్కగానొక్కడు, చలిజ్వరంతో పోయాడు...

బాపమ్మా, నాయనా అదే బండిలో పోయి వచ్చారు. వచ్చినాక బాపమ్మ బియ్యం చేట ముందు పెట్టుకుని అట్లాగే కూర్చునేది.

మళ్లీ బండి పోయే రోజు వచ్చింది. ఉప్పు బస్తాలు ఎక్కించారు. మా బర్రె ఈని రెండు రోజులైంది. బాపమ్మే బయటకు వచ్చి, "తువ్వాల ఇటు తే" అన్నది.

నాయన అడ్డం వచ్చాడు. "అమ్మా, దాని కడుపు కాలి ఉన్నది. ఇప్పుడు వోయి బర్రె ఈనిందని చెప్పిస్తవా?"

"చెప్పిస్త. ఆడ అందరు దాన్ని జూసి నోరు మూసుకున్నరు. మనం గూడ మూసుకుంటె ఇగ దానికెవ్వరున్నరు?"

సాయిలు పోయాడు. వేసిన ముడి వేసినట్టే తిరిగి తెచ్చాడు. "నాకు నోరు రాలేదవ్వా. కౌసల్యమ్మ గోడకు ఒరిగి కూసున్నది..."

"నీకు నోరు రాకుంటె ఎడ్లతోని చెప్పియ్యాల్నా?" అని కసిరి, దాని పక్కనే ఇంకో ముడి వేసింది.

ఆ తడవ చెప్పి వచ్చాడు. "ఏమన్నది?" అని అడిగింది బాపమ్మ. ఏమీ అనలేదన్నాడు. గోడ దిక్కు తిరిగే విన్నదట. "చెవులైతె ఉన్నయి గద" అంటూ బాపమ్మ మళ్లీ తువ్వాల అందుకుంది. ప్రతిసారీ అంతే... ఇటు నుంచి ముడులు పోయేవి, అటు నుంచి వట్టి తువ్వాల వచ్చేది.

వానలు పడ్డాయి, వాగులు నిండి బండి ఆగిపోయింది. వాగులు తగ్గినాక పోయి వచ్చిన సాయిలు తువ్వాల కొసన ఒక ముడి ఉంది. బాపమ్మ వేసింది కాదు. గట్టిగా బిగిసి ఉంటే గోళ్లతో విప్పింది.

"కౌసల్యమ్మ అడిగింది అవ్వా... ఆ బర్రెకు పుట్టింది పెయ్యనా, దున్ననా అని."

అప్పటికి ఆ దూడ గడ్డి మేస్తోంది కూడా... బాపమ్మ బండి చక్రం పట్టుకుని అక్కడే కూలబడింది. ఎదురుగా ఉన్నది సాయిలే. అయినా, "పెయ్యనే బిడ్డా... పెయ్య" అన్నది. మా బాపమ్మ ఏడవడం నేను అప్పుడే చూశాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే... పోయిన వానాకాలం మా పెద్దోడు పోయాడు. కరీంనగర్‌లో ఉండేవాడు. వాడికీ తల నెరిసింది, అయినా రోజూ పొద్దున ఫోన్ చేసి "ఏం కూరొండినవే అమ్మా?" అనేవాడు. బీరకాయ అంటే చాలు, "మళ్ల బీరకాయేనా?" అని దెప్పేవాడు.

ఇప్పుడు కూడా ఫోన్లు వస్తాయి. మా వాళ్లు తలో ఊళ్లో ఉన్నారు, అందరూ చేస్తారు. మందులు వేసుకున్నవా, ధైర్యంగా ఉండు... అంతే. వెనక కుక్కర్ కూత వినపడితే, అది కూడా నేను వినగూడదన్నట్టు గబుక్కున తలుపు దగ్గరికి వేస్తారు. మునిమనవరాలికి పేరు పెట్టిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్తే నాకు బాధవుతుందట... ఫోన్‌లో మా ఇంటోళ్ల గ్రూపులో ఇదివరకు ఎన్ని ఫోటోలు వచ్చేవో. ఇప్పుడు దండం పెట్టే చేతుల బొమ్మలే వస్తున్నాయి. అలసిపోయాను...

నిన్న మా చెల్లెలి బిడ్డ ఫోన్ చేసింది. అది ధైర్యం చెప్పేలోగా నేనే అడిగాను... "ఏం కూరొండినవే?"

అటు నుంచి మెల్లగా, "బీరకాయ, పెద్దమ్మా" అన్నది.

"మళ్ల బీరకాయేనా?" అన్నాను.

ఇద్దరం ఏడ్చాం... తర్వాత అది పక్కింటి వాళ్ల సంగతులు కూడా చెప్పింది.

అప్పుడు ఒక ముచ్చట అడవి దాటి పోవడానికి ఎడ్లు అలసిపోయేవి. ఇప్పుడు దారి లేనిదెక్కడ... చెప్పే నోళ్లే ఆగిపోయాయి. ఇది చదివినవాళ్లు, మీ ఇంట్లో ఈ రోజు ఏం కూరో నాకు కూడా రాయండి. నాది కొంచెం చదువే, కూడబలుక్కుంటూ అన్నీ చదువుతాను...