బోణీ వేళకు వచ్చిన చుట్టాలు

నిన్న పొద్దున్న కొట్టు తీసి, అగరొత్తి వెలిగించి, గల్లా దగ్గర ఇంకా సర్దుకుని కూర్చోనైనా లేదు, మా చెల్లెలి కూతురూ, దానికి కాబోయే మొగుడూ, సంచీనిండా కెమెరాలతో ఒక ఫోటోగ్రాఫరూ, అందరి వెనకాల చేతులూపుకుంటూ ఎ.కొండూరులో రైసుమిల్లు నడిపే దాని తండ్రి, మా బావా దిగారు. పెళ్ళి బట్టలకే వచ్చారనుకున్నాను. మేనమామది బట్టల కొట్టయితే పెళ్ళికూతురి మొదటి చీర అక్కడే తీయాలన్నది మా ఇళ్ళల్లో ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. ఈ పెళ్ళిళ్ళ సీజనులోనూ బేరాలు లేకపోతే కొట్టు సెల్‌ఫోన్ల వాళ్ళకు అద్దెకిచ్చేద్దామని మా అబ్బాయి పట్టుబట్టి కూర్చున్నాడు కనుక, ఆ ఒక్క పెళ్ళి కోసం నేను ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు.

తీరా చూస్తే వాళ్ళు వచ్చింది ఫోటోలకట. బట్టలు విజయవాడ మాల్లో ఎప్పుడో తీసేశారట. "మావయ్యా, నీ కొట్టు భలే పాతగా ఉంటది కదా, చీరలన్నీ పరిచి మధ్యలో మేం కూర్చుంటే ఫోటో అదిరిపోద్ది" అంది మేనకోడలు. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళికూతుర్ని ఏమంటాం, చీరలు దింపాను. ఫోటోగ్రాఫరు లైట్లు బిగించుకుంటుంటే ఆ పిల్ల ఫోను నా ముక్కు కింద పెట్టి, పెళ్ళయ్యాక ఊటీ వెళుతున్నామనీ, అక్కడ తప్పక చూడాల్సిన చిన్న చిన్న కొట్లు ఇవేననీ, ఓనరే స్వయంగా కూర్చుని అమ్మే కొట్లంటే తనకు ప్రాణమనీ మురిసిపోతూ చెప్పింది. ఓనరునైన నేను దాని ఎదురుగానే నిలబడి ఉన్నాను.

ఊటీ కొట్ల సంగతి నాకా చెప్పేది? మా చెల్లెలి పెళ్ళయిన కొత్తలో మేం రెండు జంటలం కలిసి వెళ్ళాం. బస్సు కొండ ఎక్కుతున్నంతసేపూ మా బావ కిటికీలోంచి తల లోపలికి పెడితే ఒట్టు. పైకెళ్ళాక మాత్రం ఆయన దర్జాకు పట్టపగ్గాల్లేవు. నీలగిరి తైలం అమ్మే ఆయన మణికట్టు మీద ఒక చుక్క రుద్ది వాసన చూడమనేవాడు, బేకరీలో వర్కీలనే కరకరలాడే బిస్కట్లు వేడివేడిగా కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళు, టీపొడి కొట్టులో ముందు ఒక కప్పు తాగించి ఆ తరువాతే బేరం మాట్లాడేవాళ్ళు. అవి నిజంగా చూడదగ్గ కొట్లే, కాదనను.

మర్నాడు పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే, అప్పుడే తలుపులు తీసిన ఒక శాలువాల కొట్లోకి బావ జొరబడ్డాడు. అక్కడి పెద్దాయన అగరొత్తి సగమైనా కాలలేదు. బావ అరల్లోని శాలువాలన్నీ దింపించి, మా చెల్లెలికొకటీ మా ఆవిడకొకటీ కప్పించి, అద్దం ముందు అటూ ఇటూ తిప్పించి, ఊరికే చూద్దామని వచ్చామంటూ బయటికి నడిచాడు. పెద్దాయన మడతలు పెట్టుకుంటూ గుమ్మం వైపు చూశాడంతే. ఆ చూపు మా నాన్న మొహంలో ఎన్నిసార్లు చూశానో. పొద్దున్నే మొదటివాడు వట్టి చేతులతో దిగిపోతే ఆ రోజంతా అంతేననుకునే పుటక మాది. వెనక్కి తిరిగి ఒక శాలువా తీసుకున్నాను. నాకు అరవం రాదు, ఆయనకు తెలుగు రాదు. "బోణీ" అన్నాను. ఆ మాట ఆయనకు తెలుసు. నోటు కళ్ళకద్దుకుని, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"తిరువూరు ఎండల్లో శాలువా కప్పుకుని కూర్చుంటావా ఏంటి బావా?" అని దారంతా నవ్విన మా బావ, అప్పటినుంచీ చుట్టాల ఇళ్ళలో ఏ శుభకార్యమైనా ఆ కథ చెప్పకుండా విస్తరి ముందునుంచి లేవలేదు. ఆ శాలువా ఇప్పటికీ మా బీరువాలో కలరా ఉండల మధ్య ఉంది. ఆయన మీద నా కోపం కూడా అంత భద్రంగానే ఉంది.

నిన్న మళ్ళీ అదే మనిషి, అదే వేళ, ఈసారి నా కొట్టు. ఫోటోలయ్యాయి. పిల్ల నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది. కనీసం ఒక జేబురుమాలైనా అడుగుతాడేమోనని బావ వంక చూశాను. "ఫోటోల కింద నీ కొట్టు పేరు పెడతార్లే బావా, బోలెడు పబ్లిసిటీ" అని భుజం తట్టి, పరిచిన చీరల పక్కనుంచి చెప్పుల్లోకి దిగిపోయాడు.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన మా ఆవిడ ఆ చీరల గుట్టనూ నా మొహాన్నీ చూసి, "ఏమండీ, నాకో జాకెట్టు గుడ్డ చింపండి" అంది. ఇంట్లో మనిషి బేరం బోణీ కాదని ఆవిడకు తెలియదా? అయినా చింపాను. చీకటి పడేదాకా కూర్చున్నా ఒక్క బేరమూ తగల్లేదు. అబ్బాయికి ఫోను చేసి, ఆ సెల్‌ఫోన్ల వాళ్ళను రమ్మన్నాను.

మన ఈడు వాళ్ళం పరాయి కొట్టు గుమ్మం ఎక్కినా బోణీ వేళ వట్టి చేతులతో దిగడానికి మొహం చెల్లక ఏదో ఒకటి కొనేవాళ్ళం. ఇప్పుడు కొట్లను మెచ్చుకోవడానికి కొండలెక్కుతున్నారు, కొనడానికి మాల్స్‌కు పోతున్నారు. ఆ పొద్దు ఊటీ పెద్దాయన బోణీకి తిరువూరు నుంచి నేను వెళ్ళాను. నా బోణీకి పక్కనే ఉన్న ఎ.కొండూరు నుంచి కూడా ఎవరూ రాలేదు.