కర్చీఫు వేసిన కిటికీ

నాకు పట్టుబడిన విద్య ఒక్కటే, బస్సులో సీటు పట్టడం. కిటికీలోంచి కర్చీఫు విసిరి, రాజ్యం గెలిచినట్టు మురిసిపోయేంత మూర్ఖుణ్ణి. ఆ సాయంత్రం సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సులో అలాగే పడమటి కిటికీ పట్టాను.

"తమ్మీ, జర కిటికీ దిక్కు నన్ను కూసోనిస్తవా?" పక్కన కూర్చున్న పెద్దాయన అడిగాడు.

"కర్చీఫేసి పట్టిన సీటు సార్," అన్నాను.

ఆయన నవ్వి, నా తల మీదుగా ఆకాశంలోకి తొంగిచూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి పడమట, నా కిటికీ మూలన ఒక చుక్క మెరిసింది. నేను ఫోన్లో పడ్డాను.

సగం దారిలో ఆయనే చెప్పాడు. పరిశోధనల కోసం పెద్ద పెద్ద బెలూన్లను ఆకాశంలోకి పంపిన శాస్త్రవేత్తట. "మొదట్ల పైన చలికి పెంకు లెక్క పగిలేవి. పగలని ప్లాస్టిక్ చేసేవరకు నా వయసంత పోయింది. ఇయ్యాల నా శిష్యులు పడమటి దిక్కు ఒకటి ఇడిసిండ్రు. పొద్దుగూకినంక గూడ అంత ఎత్తుల ఎండ తగిలి సుక్క లెక్క మెరుస్తది. నా కండ్లు పోతున్నయి తమ్మీ. ఇదొక్కటి సూద్దామని."

గబుక్కున లేచి సీటిచ్చాను. ఆయన కిటికీ ఊచలకు నుదురానించి చూశాడు. అప్పటికే అంత ఎత్తున కూడా ఎండ పోయి, ఆకాశమంతా నల్లబడిపోయింది.

"నీకేమన్న కనబడ్డదా?"

"ఇందాక ఒక చుక్క మెరిసింది సార్."

"అయితే పగలలే," అని కళ్లు మూసుకున్నాడు.

మొన్న అదే బస్సెక్కి నా మీద నేనే కక్ష తీర్చుకున్నాను. బస్సు సగం ఖాళీ. "కూసో సార్, గిన్ని సీట్లున్నయి," అని కండక్టర్ నవ్వుతున్నా, కర్చీఫును కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మిర్యాలగూడ దాకా నిలబడే వెళ్లాను.