ఒకే ఫ్యూజు కింద రెండు వాటాలు

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నం మొత్తంల నా అంత దుఃఖపడ్డ మనిషి ఇంకొకరు లేరు. కారణం, పక్క వాటా అక్క వాళ్లకు కంప్యూటర్ వచ్చింది. వాళ్ల మేనమామ దుబాయి నుంచి తెచ్చిండు. చూస్తే మీటలున్న పలక, టీవీకి తగిలిస్తే పని చేస్తది. దాన్ని చూడడానికి బొంగులూరు నుంచి కందుకూరు దాక లక్షమంది వచ్చిన్రు. వాళ్లు ఇడిచిన చెప్పుల కుప్ప ఎక్కితే కోహెడ గుట్ట కనబడేది. నన్నొక్కసారి ముట్టుకోనియ్యమని అడగడానికి మాత్రం నాకు రోషం అడ్డమొచ్చింది.

దానికొక జబ్బుండేది. కరెంటు పోతే అప్పటిదాక మీటలు నొక్కి కొట్టిందంతా మర్చిపోయేది. క్యాసెట్ల దాచుకోవచ్చట గాని, దానికి కావలసిన వైరు మేనమామ దుబాయిల్నే మరిచి వచ్చిండు. అక్క దానితోని వచ్చిన పుస్తకం చూసుకుంట రెండు గంటలు వరుస వెనుక వరుస కొట్టేది. అంతా అయినంక ఆ రాత ప్రకారం టీవీల ఒక బంతి ఎగరాలె.

మాది, వాళ్లది ఒకే ఇంట్ల రెండు వాటాలు. వసారాల ఇద్దరికీ ఒకటే ఫ్యూజు. సరిగ్గ బంతి ఎగిరే ఘడియకు పోయి దాన్ని పీకేటోణ్ణి. మా ఫ్యాను కూడ ఆగేది, మా నాయనమ్మ చెమటకు బిందెలు నిండేటివి. అయినా నా కడుపు సల్లగుండేది.

మూడు దినాలు పీకిన. అక్క మూడుసార్లూ మొదటికెళ్లి కొట్టింది. నాలుగో దినం నన్ను పిలిచి దాని ముందర కూసోబెట్టి, తను వరుసలు చదువుతనని, నన్ను కొట్టమన్నది.

ఒక్క వేలితోని మొదలుపెట్టిన. ఒక్కో అక్షరం దొరకడానికి ఒక్కో ఎండాకాలం పట్టింది. సగం దాటినంక కండ్లు మీటల మీద కంటె పైకే ఎక్కువ పోయినయి. పైన ఫ్యాను జర మెల్లగైతే చాలు, పానం పోయినంత పనయ్యేది. ఇంక నాలుగు వరుసలున్నయనంగ ఆగలేక, ఫ్యూజు దగ్గర ఎవరినన్న కావలి పెడదామన్న.

అక్క పుస్తకంల నుంచి తలెత్తలే. "ఎందుకురా? పీకేటోడు ఈడనే కూసున్నడు గద" అన్నది.

నా చెవులు భగ్గుమన్నయి. ఆమె తర్వాతి వరుస చదివింది. మిగిలిన వరుసలన్నీ కొట్టిన. బంతి ఎగిరింది. కందిగింజంత చుక్క, నాకైతే సూర్యుడంత కనబడ్డది.

ఇప్పటికీ పక్కోళ్లకు కొత్తదేదొచ్చినా నాకు ముందు కడుపే మండుతది, అబద్ధమెందుకు. కాకపోతే ఇప్పుడు పోయి వాళ్ల పక్కన కూసుంట. రోషం అడ్డమొస్తనే ఉంటది గాని, జర నాక్కూడ నేర్పమని అడుగుత.