నా నవలకు మా ఆయన మెడలో దండ

యుద్ధం రోజులవి. కాగితం దొరకడమే గగనమైన ఆ కాలంలో, పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు అమ్మి చిత్తూరులో నా మొదటి నవల అచ్చు వేయించుకున్నాను. మా తిరుపతిలో ఇల్లిల్లూ తిరిగి కొన్ని ప్రతులు అమ్మాను. మిగతావి కూడా పోతాయన్న ఆశతో ఒక సభ పెట్టించాను.

అధ్యక్షుడిగా వచ్చిన ప్లీడరు లేచి, "ఆడమనిషికి ఇంత రాసే తెలివి యాడిదప్పా? మన అయ్యవారే రాసి, పెండ్లాం పేరు పెట్టినాడు!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బడిపంతులైన మా ఆయన కాదనలేదు. నవ్వుతూ మెడ వంచి దండ వేయించుకున్నారు.

లేచి నిలబడ్డాను.

"ఏమండీ, కథలో రంగమ్మ చివరికి ఏమైతాదో చెప్పండి."

ఆయన తడబడి, "పెండ్లి చేసుకుంటాది" అన్నారు.

నా దగ్గర పుస్తకం కొన్న ఒకామె ఆడవాళ్ల వరుసలోంచి గట్టిగా అంది: "పెండ్లేందయ్యా? ఆయమ్మ పెండ్లే వద్దని ఇల్లిడిసి పాయ గదా!"

సభ గొల్లుమంది. పుస్తకాలూ బాగానే అమ్ముడుపోయాయి.

దారిలో ఆయన, "నలుగుర్లో నా పరువు తీసినావే" అన్నారు.

ప్లీడరు మీద కోపం తొందరగానే పోయింది. అతను నన్నెరగడు. కానీ వంటింట్లో కూర్చుని నేను రాయడం రోజూ చూసిన మనిషి, ఒక్క పుటైనా చదవకుండా దాన్ని తనదనిపించుకున్నాడు. ఆ పూట ఆయనకు అన్నం వడ్డించడానికి నాకు చేతులు రాలేదు.