రాతి పటంలో సూర్యుడు

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ లెక్కన మా వదిన నాగవేణికి ఒకటిన్నర మొగుళ్ళం. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మా అన్న మహానందయ్య ఒకడు, నంద్యాలలో కాపురముంటూ రోజూ ఫోనులో పెత్తనం చేసే నేను సగం. ఇంతమందిమి కలిసి కూడా ఆమెను సాంఘిక శాస్త్రంలో పాసు చేయించలేకపోయాం.

వదిన అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు గుడ్లు ఉడకబెట్టడం, ముక్కులు తుడవడం, ఏడ్చేవాళ్ళను చంకనెత్తుకోవడం ఆమె పని. సాయంత్రాలు ఇంట్లో అన్న చెక్కిన విగ్రహాలకు నునుపు పెడుతుంది. అంగన్‌వాడీ టీచరమ్మ వేసవిలో రిటైరవుతోంది, పదో తరగతి పాసైతే ఆ ఉద్యోగం నీకే రావచ్చని సూపర్‌వైజరు చెప్పింది. వదిన ఓపెన్ స్కూల్లో చేరి లెక్కలతో సహా అన్నీ గట్టెక్కింది. సాంఘికం ఒక్కటే మిగిలింది, అందులోనూ ప్రపంచ పటం. ఈసారి తప్పితే ఎవరో కొత్తామె టీచరై వస్తుంది, మా వదిన ఎప్పటికీ ఆయాగానే ఉండిపోతుంది.

ఆదివారాలు హైస్కూల్లో సుందరరాజు సారు ఖండాలు చెబుతుంటే తలూపేది. ఇంటికొచ్చి పటం విప్పితే ఏది నేలో ఏది నీళ్ళో తెలిసేది కాదు. పులుసు ఒలికిన పేపరులా ఉందనేది. ఒకరోజు అట్లాసు విసిరికొట్టి ఏడ్చేసింది.

మా అన్నకు ఓదార్చడం చేతకాదు. పెరట్లో పడున్న నల్లరాతి పలకను గోడకు నిలబెట్టి, సుద్దముక్కతో పటం గీసి, నేలంతా ఉబ్బుగా, సముద్రమంతా పల్లంగా చెక్కడం మొదలుపెట్టాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుందని నేను ఫోనులో పడీపడీ నవ్వాను.

నవ్విన నాకే బుద్ధొచ్చింది. కంటికి ఎక్కని ప్రపంచం వదిన వేళ్ళకు ఎక్కింది. ఆమెకు గ్రీన్‌లాండు కిరీటం, ఆఫ్రికా బొజ్జ, ఇండియా సరిగ్గా గుండె దగ్గర. కళ్ళు మూసుకుని తడిమి జపాన్ అనేది, మడగాస్కర్ అనేది. పూలమ్మే కమలాక్షమ్మ రోజూ గుమ్మంలో ఆగి, ఈ పొద్దు ఏ దేశానికి పోయొచ్చావని అడిగేది. ఆంజనేయస్వామిని చేయించుకోవడానికి వచ్చిన ఒక ముసలమ్మ ఈ దేవుడెవరో పాపం తెలియక ఆస్ట్రేలియాకు కుంకుమ పెట్టి పోయింది. ఇంటిల్లిపాదికీ పరీక్ష పిచ్చి పట్టుకుంది. నేను కూడా కూరగాయలు తరుగుతూ మహాసముద్రాలు వల్లెవేశాను, నాకు ఏ పరీక్షా లేకపోయినా.

అసలు పరీక్షకు ముందు సారు బడిలో ఒక పరీక్ష పెట్టాడు. దేశాల పేర్లన్నీ వదిన సరిగ్గా రాసింది. తూర్పు పడమరలే తారుమారు. ఆఫ్రికాకు తూర్పున అట్లాంటిక్, ఇండియాకు పడమర చైనా, అందరికన్నా ముందు తెల్లవారేది అమెరికాలో. పొరపాటున కూడా వాటిలో ఒక్కటీ రైటు కాలేదు. సారు అయోమయంలో పడి ఇంటికే వచ్చాడు.

వచ్చి రాతిని చూస్తే, పైన ఎడమ మూలలో సూర్యుడు, కుడి మూలలో చంద్రుడు. మా శిల్పుల ఆనవాయితీ అది. సూర్యుణ్ణి దేవుడి కుడిపక్కనే చెక్కాలి. దేవుడి కుడి అంటే ఎదురుగా నిలబడిన మనకు ఎడమ. పలక మీద మూలలు ఖాళీగా కనిపించేసరికి మా అన్న చెయ్యి అలవాటు కొద్దీ అక్కడికే పోయింది. వదిన ఏమో సూర్యుణ్ణి ముట్టుకుని, ఇదే తూర్పు అనుకుని, అక్కడి నుంచి లోకమంతా చదివేసింది.

పటంలో తూర్పు మనకు కుడిపక్కన ఉంటుందని సారు నచ్చజెప్పబోయాడు.

"మనకెదురుగా నిలబడిన దేవునికి వాని కుడి వానిదే గదా సారూ. నీ కుడి తెచ్చి వానికెట్ల పెడ్తావు?" అన్నాడు అన్న.

సారు మజ్జిగ తాగి, తన కుడిచేతిని తనే రెండుసార్లు చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

సూర్యుణ్ణి చెక్కి తీసేయమని వదిన బతిమాలింది. ఉలి పట్టినప్పటి నుంచి దేవుణ్ణి చెరిపింది లేదు, నీ మతిలో మార్చుకో అన్నాడు అన్న. ఆమె మార్చుకోబోయింది. వేలు వినలేదు.

"సాయిశ్రీ, కండ్లు మూస్తే సూర్యుడు ఆడనే ఉండాడు. నేను పరీక్షకు పోను," అంది ఫోనులో. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. అన్నకు ఫోను చేసి, నీ దేవుడు బాగుంటే చాలా, ఇంట్లో ఆడది ఏమైపోయినా పర్వాలేదా అని దులిపేశాను. ఫోను పెట్టేశాడు.

మర్నాడు వదిన అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి పలక మీద సూర్యుడు లేడు, చంద్రుడూ లేడు. రెండు మూలలూ నున్నగా ఉన్నాయి. ఉలి ఎత్తేముందు టెంకాయ కొట్టి లెంపలేసుకున్నాడని కమలాక్షమ్మ చెప్పింది. అన్న ఒళ్ళంతా రాతిపొడితో అటు తిరిగి కూర్చున్నాడు.

"మ్మేయ్, తడుము. ఇంగ సూర్యుణ్ణి నీకు యాడ కావాల్నో ఆడ పొడిపించుకో," అన్నాడు.

పరీక్ష నంద్యాలలో. ముందురోజే మా ఇంటికొచ్చిన వదిన పొద్దున్నే నా స్కూటరెక్కి వెనక కూర్చుంది. నల్లమల మీద నుంచి వచ్చిన ఎండ కుడిచెంపకు తగిలేసరికి, ఇది జపాన్ పక్క అని అరిచింది. ఎడమచెంప తడిమి ఇది అమెరికా అంది. సందు తిరిగినప్పుడల్లా చెంపలు మార్చుకుంది. నవ్వు ఆపుకోలేక నేను స్కూటరును సోడాబండికి తగిలించబోయాను. సోడాల అతను తిట్టిన తిట్లకు కూడా ఇద్దరం నవ్వుకున్నాం.

పాసయింది. ఉద్యోగమూ వచ్చింది. చేరిన రోజు అన్న పని ఆపి, స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని అంగన్‌వాడీకి వెళ్ళాడట. పిల్లలను దింపే తల్లుల వెనక వరసలో నిలబడ్డాడట. పెళ్ళయినప్పటి నుంచి ఆమెను "మ్మేయ్" అని తప్ప పిలవని మనిషి, తన వంతు రాగానే గుమ్మం బయట చెప్పులు విడిచి అడిగాడట.

"టీచరమ్మా, లోపలికి రావచ్చునా?"